మన ఉత్తరాలు మన దగ్గరే: లినక్స్‌లో థండర్‌బర్డ్ వాడి చూసే పద్ధతి, మొదటి నుంచి

మా మావయ్యది ఒడిశాలోని పర్లాకిమిడిలో జీడిపప్పు వ్యాపారం. పలాస నుంచి సరుకు తెస్తాడు, గుణుపురం, రాయగడ దుకాణాలకు పంపుతాడు. ఆయన ఇన్‌బాక్స్‌లో మూడు లిపులు కనిపిస్తాయి. పలాస వాళ్ల ధరల పట్టీ తెలుగులో వస్తుంది, ఆఫీసు నోటీసులు ఒడియాలో వస్తాయి, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇంగ్లిషులో వస్తాయి. అన్నీ ఫోన్లోనే చూసుకునేవాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో, అటు శ్రీకాకుళంలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. గోదాములో సరుకు తడిసిపోయింది. బీమా పాలసీ నంబరు కావాలి. అది మెయిల్‌లో ఉంది, మెయిల్ తెరవాలంటే నెట్ కావాలి. ఆ రోజుల్లో మావయ్య పడ్డ టెన్షన్ కళ్లారా చూశాను. మనకొచ్చిన ఉత్తరం మన కంప్యూటర్లో కూడా ఉండాలని, నెట్ ఉన్నా లేకపోయినా తెరుచుకోవాలని నాకు పట్టుదల వచ్చింది అప్పుడే.

దానికి దారి ఈమెయిల్ క్లయింట్. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిస్తే ఉత్తరాలు అవతలి సర్వర్‌లోనే, అంటే ఆ కంపెనీ కంప్యూటర్లోనే ఉంటాయి, మనం దూరం నుంచి చూస్తాం. క్లయింట్ అలా కాదు. అది మన కంప్యూటర్లో నడిచే ప్రోగ్రామ్. సర్వర్‌తో మాట్లాడి ప్రతి ఉత్తరానికీ ఒక ప్రతి తెచ్చి మన డిస్కులో పెడుతుంది. విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే ఉచిత వ్యవస్థ లినక్స్. ఆ లినక్స్ డెస్క్‌టాప్ మీద క్లయింట్‌ను ఎలా వాడి చూడాలో, ఏమీ పోగొట్టుకోకుండా ఎలా చూడాలో మా ఇంట్లో చేసిన వరసలోనే చెబుతాను.

ఏ ప్రోగ్రామ్ ఎంచుకోవాలి

నేను థండర్‌బర్డ్ అంటాను. దీని మొదటి పూర్తి వెర్షన్ 2004 డిసెంబరులో వచ్చింది. మొజిల్లా వాళ్లది, ఉచితం, సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. 2023లో వచ్చిన 115 వెర్షన్‌తో రూపం బాగా మారింది. పాత కంప్యూటర్ పుస్తకాల్లో బొమ్మలు చూసినవాళ్లు తికమక పడొద్దు.

మిగతావాటి గురించి క్లుప్తంగా చెబుతాను. క్యాలెండర్, మెయిల్ ఒకేచోట కావాలన్నా, ఆఫీసులో మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్ ఉన్నా ఎవల్యూషన్ చూడండి. గియరీ తేలిగ్గా, అందంగా ఉంటుంది గానీ సెట్టింగులు తక్కువ. కేడీఈ డెస్క్‌టాప్ వాడేవాళ్లకు కేమెయిల్ ఉంది. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్ అయితే క్లాస్ మెయిల్ చాలా తేలిక, కానీ రంగులూ బొమ్మలూ పెట్టి ఉత్తరం రాయడం అందులో కుదరదు. మొదటిసారి చూసేవాళ్లకు, అందులోనూ మూడు లిపులతో పని ఉన్నవాళ్లకు థండర్‌బర్డే సులువని నా అనుభవం.

మొదట పెన్ డ్రైవ్ మీద

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగిపోయింది. మావయ్య ల్యాప్‌టాప్ పాతది, కొత్త విండోస్ ఎక్కదు. అందుకే లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్ తీసుకున్నాం. 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయిగా ఉంటుంది. థండర్‌బర్డ్ అందులో ముందే ఉంటుంది, వేరే దించుకోనక్కర్లేదు.

మింట్ వెబ్‌సైటు నుంచి ఐఎస్ఓ ఫైలు, అంటే మింట్ మొత్తం ఇమిడి ఉండే ఒక్క ఫైలు, దించుకోండి. సుమారు 3 జీబీ ఉంటుంది కాబట్టి రాత్రి పెట్టి పడుకోవడం మంచిది. 8 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి తీసుకుని ఎచర్ అనే ప్రోగ్రామ్‌తో ఆ ఫైలును దాని మీదికి రాయించండి. పెన్ డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, పెళ్లి ఫొటోలేవైనా ఉంటే ముందే వేరేచోటికి కాపీ చేసుకోండి. తర్వాత కంప్యూటర్ ఆన్ చేస్తూ బూట్ మెనూ మీట నొక్కితే పెన్ డ్రైవ్ నుంచి మింట్ మొదలవుతుంది. ఆ మీట కొన్నింట్లో ఎఫ్12, కొన్నింట్లో ఎఫ్9, కొన్నింట్లో ఎస్కేప్. విండోస్ ముట్టుకోకుండా అలాగే ఉంటుంది.

ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. పెన్ డ్రైవ్ మీద నడిచే మింట్‌లో మీరు చేసే మార్పులన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి. కంప్యూటర్ ఆపగానే మీరు పెట్టిన అకౌంటు, దించిన మెయిళ్లు అన్నీ పోతాయి. కాబట్టి ఇది అరగంట చూసి రావడానికే. వైఫై పట్టిందా, తెలుగు అక్షరాలు సరిగ్గా ఉన్నాయా, తెర మీద మెయిల్ చదవడం బాగుందా అని చూసుకోండి. నచ్చితే ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకుని, విండోస్ పక్కనే మింట్ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. అసలైన వారం పరీక్ష దాని మీద పెట్టాలి.

అకౌంటు కలపడం

థండర్‌బర్డ్ మొదటిసారి తెరవగానే పేరు, మెయిల్ అడ్రస్ అడుగుతుంది. పేరు మీరు పంపే మెయిల్‌లో అవతలివాళ్లకు కనిపిస్తుంది, కాబట్టి దుకాణం పేరు పెట్టాలా సొంత పేరు పెట్టాలా ముందే అనుకోండి. అడ్రస్ ఇచ్చి కంటిన్యూ నొక్కితే సర్వర్ వివరాలు అదే వెతుక్కుంటుంది. జీమెయిల్, యాహూ, అవుట్‌లుక్ లాంటివాటికి మీరు ఏమీ టైపు చేయనక్కర్లేదు.

జీమెయిల్ అయితే గూగుల్ లాగిన్ కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ అక్కడ ఇవ్వాలి. అంటే అసలు పాస్‌వర్డ్ థండర్‌బర్డ్ చేతికి రాదు, గూగుల్ ఇచ్చే అనుమతి పత్రం మాత్రమే దాని దగ్గర ఉంటుంది. ఈ పద్ధతి పేరు ఓఆత్. ఆ కిటికీ తెరుచుకుని ముందుకు కదలకపోతే థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో కుకీలు ఆపేసి ఉన్నాయేమో చూడండి. లాగిన్ కాగానే ఫోన్‌కు కొత్తగా సైన్ ఇన్ అయ్యారని హెచ్చరిక వస్తుంది. మావయ్య దాన్ని చూసి ఎవరో ఖాతాలో దూరారనుకుని నాకు ఫోన్ చేశాడు. అది మనం చేసిందే, కంగారు పడకండి.

కాలేజీ, కంపెనీ మెయిళ్లకు కొన్నిసార్లు వివరాలు చేత్తో ఇవ్వాల్సి వస్తుంది. పోర్టు అంటే సర్వర్‌తో మాట్లాడే ద్వారం నంబరు. వచ్చే మెయిల్‌కు ఐమ్యాప్ (దీని సంగతి కిందే చెబుతాను) పోర్టు 993. వెళ్లే మెయిల్‌కు ఎస్ఎంటీపీ పోర్టు 465 గానీ 587 గానీ ఉంటుంది. సర్వర్ పేరు మాత్రం వాళ్లనే అడగాలి.

ఐమ్యాప్ పెట్టుకోండి, పాప్ వద్దు

సెటప్‌లో ఐమ్యాప్, పాప్3 అని రెండు కనిపిస్తాయి. ఇక్కడ కాస్త నిదానించాలి, ఎందుకంటే నాకు దెబ్బ తగిలింది ఇక్కడే.

కొన్నేళ్ల కిందట నా పాత కంప్యూటర్‌కు మెయిల్ సెట్ చేయమని ఒక దుకాణంలో ఇచ్చాను. వాళ్లు పాప్ పెట్టారు, సర్వర్‌లో ప్రతి ఉంచమనే టిక్ తీసేశారు. దాంతో మెయిల్ నా కంప్యూటర్‌కు రాగానే సర్వర్ నుంచి చెరిగిపోయేది. నేను గమనించలేదు. ఏడాది తర్వాత హార్డ్ డిస్క్ పోయింది. ఆ ఏడాది ఉత్తరాలన్నీ దాంతోపాటే పోయాయి. అందులో మా నాన్నగారు ఆసుపత్రి నుంచి రాసినవి కూడా ఉన్నాయి. వాటి కోసం ఇప్పటికీ మనసు పీకుతుంది.

పాప్ అంటే పోస్టాఫీసుకు వెళ్లి సంచీలో వేసుకుని తెచ్చేసుకోవడం. ఐమ్యాప్ అంటే అసలు అక్కడే ఉంచి, నకలు ఇంటికి తెచ్చుకోవడం. ఐమ్యాప్‌లో సర్వర్, ఫోన్, కంప్యూటర్ మూడూ ఒకే అద్దంలా ఉంటాయి. ఒకచోట చదివితే అన్నిచోట్లా చదివినట్టు పడుతుంది. అదే కారణంగా ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరుగుతుంది. అందుకే మొదటి వారానికి మా ఇంట్లో ఒక నియమం పెట్టాను. చదవొచ్చు, వెతకొచ్చు, రాయొచ్చు, చెరపడం మాత్రం కుదరదు.

ఏదో కారణంతో పాప్ తప్పకపోతే అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్‌కు వెళ్లి, లీవ్ మెసేజెస్ ఆన్ సర్వర్ అన్న టిక్ ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. దాని కింద ఎన్ని రోజుల వరకు అనే గడి కూడా ఉంటుంది, అదీ చూడండి.

ఎంత దించుకోవాలి

జీమెయిల్‌లో ఉచితంగా 15 జీబీ ఇస్తారు. పదేళ్ల మెయిళ్లన్నీ ఒకేసారి దించాలంటే మొబైల్ హాట్‌స్పాట్ మీద అయ్యే పని కాదు. అకౌంట్ సెట్టింగ్స్‌లో సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్ అనే భాగం తెరవండి. ఈ అకౌంటు ఉత్తరాలు కంప్యూటర్లో ఉంచమనే టిక్ పైన ఉంటుంది, అది తీయొద్దు, మన పని అంతా దాని మీదే ఆధారపడింది. కింద డిస్క్ స్పేస్ అన్నచోట ఇటీవలి ఇన్ని రోజుల మెయిళ్లే తెమ్మని చెప్పొచ్చు. మావయ్యకు 365 రోజులు పెట్టాం. ఒక లెక్కల సంవత్సరం చేతిలో ఉంటే చాలన్నాడు.

జీమెయిల్ వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఆల్ మెయిల్ అనే ఫోల్డర్‌లో ప్రతి ఉత్తరం మళ్లీ ఉంటుంది. వదిలేస్తే ఒకే ఉత్తరం రెండుసార్లు దిగి డేటా వృథా అవుతుంది. బ్రౌజర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి, లేబుల్స్ పేజీలో ఆల్ మెయిల్ పక్కన షో ఇన్ ఐమ్యాప్ అన్న టిక్ తీసేస్తే సరిపోతుంది. కానీ మెయిళ్లను ఆర్కైవ్ చేసే అలవాటు మీకుంటే ఆ పని చేయకండి, ఆర్కైవ్ చేసినవి ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి.

తెలుగు, ఒడియా అక్షరాలు

మింట్‌లో తెలుగు, ఒడియా అక్షరాలు మామూలుగా కనిపిస్తాయి. గడులు గడులుగా కనిపిస్తే సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి నోటో ఫాంట్లు, లోహిత్ తెలుగు, లోహిత్ ఒడియా వెతికి వేసుకోండి. ఒడియా ఫాంటు జాబితాలో ఒరియా అన్న పాత పేరుతో ఉండొచ్చు. తర్వాత థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో ఫాంట్స్ పక్కన అడ్వాన్స్‌డ్ నొక్కితే ఒక్కో లిపికి ఒక్కో ఫాంటు, సైజు పెట్టుకోవచ్చు. తెలుగుకు ఒక రెండు పాయింట్లు పెంచండి. మన వత్తులు, గుడులు ఇంగ్లిషు సైజులో ఇరుక్కుపోతాయి. అరవై దాటిన కళ్లకు ఆ రెండు పాయింట్లే పెద్ద తేడా.

కొన్ని మెయిళ్లలో మాత్రం ఏ ఫాంటు వేసినా పిచ్చి గీతలే కనిపిస్తాయి. అవి అను ఫాంట్లతో డీటీపీలో కొట్టి, అక్కణ్నుంచి కాపీ చేసి అతికించినవి. ఒడియాలో ఆకృతి ఫాంట్లతో కొట్టినవాటికీ అదే గతి. అందులో ఉన్నవి యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాలు కావు, తప్పు థండర్‌బర్డ్‌ది కాదు. పంపినవాళ్లను పీడీఎఫ్ చేసి పంపమని అడగడమే మార్గం.

టైపు చేయడానికి మింట్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ల జాబితాకు తెలుగు చేర్చుకోండి. మామూలు తెలుగు అంటే ఇన్‌స్క్రిప్ట్, భారతీయ లిపుల కోసం చేసిన ప్రామాణిక మీటల అమరిక. ఇంగ్లిషు మీటల ధ్వనిని బట్టి కొట్టే అలవాటున్నవాళ్లు తెలుగు కగప ఫొనెటిక్ తీసుకోండి. తెలుగులో రాస్తుంటే ప్రతి మాట కిందా ఎర్ర గీత పడుతుంది, అది ఇంగ్లిషు స్పెల్లింగ్ చూసే ప్రోగ్రామ్ పని. రాసే కిటికీలో స్పెల్ చెక్ ఆపేస్తే పోతుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. వ్యాపార ఉత్తరమైనా సరే మాట్లాడే తెలుగులో రాసుకోవడం మాకు ఇష్టం. దానికి అడ్డొచ్చే ఎర్ర గీతలు తీసేయడం చిన్న పనిగా నాకు అనిపించదు.

అసలు పరీక్ష: నెట్ తీసేయండి

మెయిళ్లు దిగడం పూర్తయ్యాక ఒక సాయంత్రం వైఫై ఆపేసి కూర్చోండి. మేం నిజంగానే అలా చేశాం. ఎడమవైపు కింద మూల ఒక చిన్న బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కితే థండర్‌బర్డ్ ఆఫ్‌లైన్‌లోకి వెళుతుంది. ఫైల్ మెనూలో ఆఫ్‌లైన్ అనే చోట కూడా అదే పని చేయొచ్చు. మెనూ పట్టీ కనిపించకపోతే ఆల్ట్ మీట నొక్కండి.

మావయ్యను ఒక పాత ధర అడిగాను. పలాస నుంచి డబ్ల్యూ 320 రకం సంక్రాంతి ముందు ఏ రేటుకు వచ్చింది అని. డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320 గుండు పప్పులు తూగే రకం. ఆయన కంట్రోల్, షిఫ్ట్, కె మూడూ కలిపి నొక్కాడు. జాబితా పైన క్విక్ ఫిల్టర్ గడి తెరుచుకుంది. 320 అని కొట్టాడు. వందల మెయిళ్లు తొమ్మిదికి తగ్గాయి. జనవరి మొదటి వారంది తెరిచాడు. అటాచ్‌మెంట్‌గా ఉన్న పట్టీ కూడా తెరుచుకుంది, ధర కనిపించింది. వైఫై బొమ్మ మీద అడ్డగీత అలాగే ఉంది. మావయ్య ఒక్క క్షణం ఆగి, ‘‘అల్లుడూ, ఆ తుఫానప్పుడు ఇది ఉండుంటే’’ అన్నాడు. ఇంకేమీ అనలేదు. క్విక్ ఫిల్టర్‌లో తెలుగు మాట కొట్టినా పని చేస్తుంది, పూర్తి మాట కాకుండా అందులో ముక్క కొడితే ఇంకా బాగా దొరుకుతుంది.

అలాగే నెట్ లేనప్పుడు ఒక ఉత్తరం రాసి సెండ్ నొక్కండి. అది అవుట్‌బాక్స్‌లో ఆగి ఉంటుంది. మళ్లీ ఆన్‌లైన్‌కు రాగానే పంపమంటారా అని అడుగుతుంది. అడగకపోతే ఫైల్ మెనూలో సెండ్ అన్‌సెంట్ మెసేజెస్ నొక్కండి. సరిహద్దులో ఉన్న మాకు ఇది చాలా అవసరం. మహేంద్రతనయ దాటి పాతపట్నం వైపు వెళ్లేటప్పుడు సిగ్నల్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో చెప్పలేం.

ఫొటోలు పెట్టేటప్పుడు ఒక లెక్క చూసుకోండి. జీమెయిల్ హద్దు 25 ఎంబీ అయినా, మెయిల్‌లో పెట్టిన ఫైలు దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది. 18 ఎంబీ దాటితే రెండు ఉత్తరాలుగా పంపండి.

ఫిల్టర్లు, గుర్తులు

టూల్స్ మెనూలో మెసేజ్ ఫిల్టర్స్ ఉంది. ఫలానా అడ్రస్ నుంచి వస్తే ఫలానా పని చేయమని చెప్పొచ్చు. నేను మొదట పలాస మెయిళ్లన్నీ ధరలు అనే ఫోల్డర్‌లోకి వెళ్లేలా పెట్టాను. రెండో రోజు మావయ్య నుంచి ఫోన్: ‘‘పలాస వాళ్ల మెయిల్ రాలేదేంట్రా?’’ ఐమ్యాప్ కదా, కంప్యూటర్లో ఫోల్డర్ మారితే ఫోన్ ఇన్‌బాక్స్ నుంచి కూడా తప్పుకుంది. అందుకని ఫోన్ కూడా వాడేవాళ్లు ఫిల్టర్‌తో ఫోల్డర్ మార్చకుండా, ట్యాగ్ అంటే రంగు గుర్తు వేయించండి. ఉత్తరం ఉన్నచోటే ఉంటుంది, రంగు మాత్రం పడుతుంది. 1 నుంచి 5 వరకు అంకెలు నొక్కితే చేత్తో కూడా గుర్తు వేయొచ్చు. ఫిల్టర్లు థండర్‌బర్డ్ తెరిచి ఉన్నప్పుడే పని చేస్తాయి.

జాగ్రత్తలు

ఉత్తరంలోని బొమ్మలు దూరపు సర్వర్ నుంచి రావాల్సినవైతే థండర్‌బర్డ్ వాటిని ముందుగా ఆపుతుంది. అలాంటి బొమ్మ తెరుచుకుంటే మనం మెయిల్ చదివామని పంపినవాళ్లకు తెలిసిపోతుంది. తెలిసినవాళ్లవైతేనే చూపించమనండి. లింకు మీద మౌసు పెట్టి నొక్కకుండా ఆగితే అది నిజంగా ఎక్కడికి వెళుతుందో కింద పట్టీలో కనిపిస్తుంది. బ్యాంకు పేరుతో వచ్చే మెయిళ్లకు ప్రతిసారీ ఇలా చేయమని మావయ్యకు చేతులు పట్టుకుని చెప్పాను.

ఇంట్లో నలుగురూ వాడే కంప్యూటర్ అయితే ఒక్కొక్కరికీ వేరే లాగిన్ పెట్టండి. దానికి తోడు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ప్రైమరీ పాస్‌వర్డ్ పెడితే దాచిన పాస్‌వర్డ్‌లు, అనుమతులు తాళం వేసినట్టు ఉంటాయి. అయితే ఇప్పటికే దిగిన ఉత్తరాలకు అది తాళం వేయదు. ల్యాప్‌టాప్ పోతుందన్న భయం ఉంటే మింట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎన్‌క్రిప్షన్, అంటే పాస్‌వర్డ్ లేనిదే ఫైళ్లు చదవలేకుండా చేసే ఏర్పాటు, ఎంచుకోండి.

బ్యాకప్, లేదా వెనక్కి

వారం అయ్యాక నచ్చితే బ్యాకప్ అలవాటు చేసుకోండి. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ప్రొఫైల్ డైరెక్టరీ అన్న వరస ఉంటుంది, దాని పక్కన మీట నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఉత్తరాలు, ఫిల్టర్లు, అడ్రసులు అన్నీ అందులోనే. థండర్‌బర్డ్ పూర్తిగా మూసేశాక ఆ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్కులోకి కాపీ చేయండి. తెరిచి ఉండగా చేస్తే సగం రాసిన ఫైళ్లు వస్తాయి. వానాకాలం మొదట్లో ఒకసారి, అక్టోబరు తుఫాన్ల ముందు ఒకసారి మేం తప్పకుండా చేస్తాం. ఆ డిస్కు గోదాములో కాదు, ఇంట్లో మేడ మీద బీరువాలో ఉంటుంది.

నచ్చకపోతే అకౌంట్ సెట్టింగ్స్‌లో కింద ఉన్న అకౌంట్ యాక్షన్స్ నుంచి అకౌంటు తీసేయండి. ఐమ్యాప్ కాబట్టి సర్వర్‌లో ఒక్క ఉత్తరం కూడా కదలదు. చివరగా గూగుల్ ఖాతా పేజీలో సెక్యూరిటీ భాగం తెరిచి, అనుమతి పొందిన యాప్‌ల జాబితాలో థండర్‌బర్డ్ పేరు పక్కన అనుమతి రద్దు చేయండి. పెన్ డ్రైవ్ మీద చూసి వదిలేసినవాళ్లకు కూడా ఆ పేరు అక్కడ మిగిలే ఉంటుంది.